కారు టాప్ మీద నాన్న నావ

మా ఆఫీసు పార్కింగ్‌లో నా కారు చూసినవాళ్ళు ఒకసారి ఆగి దాని టాప్ వంక చూస్తారు. రెండు చోట్ల చిన్న సొట్టలుంటాయి. ఎడమ పక్కన జానెడు పొడుగున నీలం పెయింటు గీత ఒకటి ఉంటుంది. "బ్రో, చెట్టు కొమ్మేమైనా పడిందా?" అని అడుగుతారు. "లేదు, పడవ పెట్టాను" అంటే నవ్వేసి లిఫ్ట్ వైపు వెళ్ళిపోతారు. జోక్ అనుకుంటారు.

జోక్ కాదు. మొన్న జూన్ మొదటి వారంలో నాన్నా నేనూ కలిసి పన్నెండడుగుల ఫైబర్ పడవని నిజాంపట్నం నుంచి నాగార్జునసాగర్ దాకా తెచ్చాం. ట్రాలీ లేదు, లారీ లేదు. ఇంటికీ ఆఫీసుకీ తిరిగే మామూలు హ్యాచ్‌బ్యాక్ టాప్ మీద, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోజు ఎండ, గాలివాన, నాన్న కట్టిన ముడులు, అన్నీ కలిపి ఇప్పుడు చెప్తాను.

పుట్టి ఒక్కడి మాట వినదు

మాది సాగర్. డ్యామ్‌కి కుడిపక్కనున్న విజయపురి సౌత్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారనీ, 1967లో కాలువలకి నీళ్ళొదిలారనీ మేం స్కూల్లో చదువుకున్నాం. ఇంట్లో చెప్పుకునే చరిత్ర వేరు. కొండల మధ్య సముద్రమంత నీరు నిలిచిందనీ, అందులో చేపలున్నాయనీ కబురు విని విశాఖ తీరం నుంచి కొన్ని మత్స్యకార కుటుంబాలు ఇక్కడికొచ్చాయి. అందులో మా తాతదొకటి. అందుకే పల్నాడులో పుట్టి పెరిగినా నాన్న నోట్లోంచి 'ఏటి', 'ఎల్దాం' ఇప్పటికీ పోలేదు.

ఇక్కడ వేటకి వాడేది పుట్టి. హొగెనక్కల్ రీల్స్‌లో మీరు చూసే ఉంటారు, గుండ్రంగా పెద్ద బుట్టలా ఉంటుంది. వెదురు బద్దలతో అల్లి, కింద పట్టా వేసి తారు పూస్తారు. ఇప్పుడు ఫైబర్‌వి కూడా వచ్చాయి. లోతు లేనిచోట కూడా తేలుతుంది. రాయి తగిలినా జారిపోతుంది. వెదురుదైతే ఒక్క మనిషి నెత్తిమీద బోర్లించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. దానికున్న తలనొప్పి ఒక్కటే. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా లేవు. సరిగ్గా తెడ్డు వెయ్యకపోతే ముందుకెళ్ళకుండా ఉన్నచోటే తిరుగుతుంది. ఒకరు తెడ్డేస్తుంటే ఇంకొకరు వల చూసుకోవాలి.

మా ఇంట్లో తెడ్డు అమ్మది, వల నాన్నది. అలా ముప్ఫై ఏళ్ళు. నా బీటెక్ ఫీజులు కూడా ఆ పుట్టిలోంచే వచ్చాయి.

రెండేళ్ళ క్రితం అమ్మ కుడి భుజం పట్టేసింది. ఇక తెడ్డు ముట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నాన్న ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. పోయిన ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న ఇంకా ఒడ్డుకి రాలేదు నాయినా." నేను అప్పుడు ఒక రిలీజ్ కాల్‌లో ఉన్నాను. లాప్‌టాప్ మూసి కారు తీశాను. హైదరాబాద్ నుంచి సాగర్‌కి ఎప్పుడూ అంత తొందరగా వెళ్ళలేదు, మళ్ళీ వెళ్ళాలని కూడా లేదు.

తెల్లారాక ఇంకో పుట్టివాళ్ళు నాన్నని తీసుకొచ్చారు. గాలికి పుట్టి తిరిగి తిరిగి అవతలి గట్టుకి కొట్టుకుపోయింది. ఫోన్ తడిసి ఆగిపోయింది. "గాలి తగ్గేదాకా కూచున్నా. ఏటైపోయిందిప్పుడు?" అన్నాడు. అమ్మ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకి తీసుకోవడం. నాన్న చేసిన మొదటి పని, ఒక్కడే నడుపుకోగల నావ ఎక్కడ దొరుకుతుందని ఊరూరా ఫోన్లు చెయ్యడం. బారుగా ఉండే పడవైతే తెడ్డేసిన వైపు తిన్నగా పోతుంది. నిజాంపట్నంలో ఉండే బావ వరస ఆయన దగ్గర అలాంటిదొకటి ఉందని తెలిసింది. మొగలో, కాలవల్లో పీతల వేటకి వాడిన చిన్న పడవ. పదహారు వేలకి ఇస్తానన్నాడు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేతిలో డబ్బాడని రోజులు, అందుకే బేరం కుదిరింది.

తేవడానికి చిన్న ట్రాలీ అడిగితే, తిరుగు ఖాళీగా రావాలి కాబట్టి రానూపోనూ కలిపి తొమ్మిది వేలన్నారు. "పదహారు వేల నావకి తొమ్మిది వేల బండా?" అని నాన్న ఫోన్లో అరిచాడు.

"నా కారు మీద తెద్దాంలే నాన్నా" అనేశాను.

ఇంజినీర్‌ననే పొగరు కొంత ఉంది. అసలు కారణం వేరే. ఇంట్లో హైదరాబాద్ మాటెత్తితే నాన్న లేచి వల బాగుచేసుకోవడానికి వెళ్ళిపోతాడు. కారులోంచి ఎక్కడికి వెళ్తాడు? ఆరేడు గంటలు నా పక్కనే కూచోవాలి. పడవ ఎలాగూ వస్తుంది, ఆలోపు నాన్నని ఒప్పించెయ్యాలి. ఇదీ నా ప్లాన్.

కాటా మీద పడవ

బయల్దేరే ముందు కారు మాన్యువల్ తీశాను. కొన్నాక దాన్ని తెరవడం అదే మొదటిసారి. టాప్ మీద 50 కిలోలకి మించి పెట్టకూడదని రాసుంది. ఆ యాభైలో క్యారియర్ కడ్డీల బరువు కూడా కలిసే ఉంటుంది. నేను కొన్న కడ్డీలు 5 కిలోలు. అంటే పడవకి మిగిలింది 45.

నిజాంపట్నం చేరేసరికి పొద్దున్న ఆరున్నర. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' మచిలీపట్నం వెళ్తూ ముందు ఆగింది ఈ రేవులోనే. అప్పట్లో దీన్ని పెటపోలి అనేవాళ్ళు. మేం వెళ్ళినప్పుడు బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. కొందరు అడుగుకి రంగులేస్తున్నారు, కొందరు నీడలో కూచుని వలలు అల్లుకుంటున్నారు. మా పడవ గట్టు మీద బోర్లించి ఉంది. నీలం రంగు, అక్కడక్కడ పెచ్చులూడింది. పన్నెండడుగుల పొడుగు, మూడుంపావు అడుగుల వెడల్పు. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నాడు. చివరికి తలూపాడు.

"ఎంత బరువుంటుంది బావా?" అని అడిగాను.

"ఇద్దరు ఎత్తుతారు" అన్నాడాయన. నాకు కావాల్సింది కిలోల్లో.

చేపలు తూచే పెద్ద కాటా ఉంది కానీ దాని మీద పన్నెండడుగుల పడవ నిలబడదు. అప్పుడు కాలేజీలో చదివిన ఒక ముక్క పనికొచ్చింది. పడవ వెనక కొసని కాటా మీద, ముక్కుని అంతే ఎత్తున్న రాయి మీద పెట్టాం. 29 కిలోలు చూపించింది. తిప్పి ముక్కుని కాటా మీద పెడితే 20. రెండూ కలిపితే 49, అదే పడవ మొత్తం బరువు. ఇంకో లాభం కూడా ఉంది. వెనక పక్క బరువెక్కువ కాబట్టి పడవ తూకం సరిగ్గా మధ్యలో లేదు, ముక్కు నుంచి ఏడడుగుల దగ్గరుంది. ఆ చోటు రెండు కడ్డీల మధ్యకి రావాలి. అలా పెట్టి చూస్తే ముక్కు సరిగ్గా ముందు బంపర్ మీదికి వచ్చింది, వెనక కూడా కారు దాటలేదు.

ఇది తూకం కోసమే కాదు, ఫైన్ కోసం కూడా. మోటారు వాహనాల చట్టంలో 194(1ఎ) అని ఒక సెక్షనుంది. బండి పక్కల నుంచి సరుకు బయటికి వచ్చినా, ముందుకో వెనక్కో ఎత్తుకో పరిమితి దాటినా 20,000 రూపాయల జరిమానా. పడవ ఖరీదు కంటే అదే ఎక్కువ! ఏడడుగుల పుట్టి అయ్యుంటే ఈ కారు మీద పక్కలకి బయటికి వచ్చేసేది.

ఇంక బరువు సంగతి. 49కి కడ్డీల 5 కలిపితే 54. పడవలో కూచోడానికి అడ్డంగా రెండు చెక్క పలకలున్నాయి, ఒక్కోటి రెండున్నర కిలోలు. అవి ఊడదీస్తే 49కి దిగుతుంది.

"పలకలు బావ దగ్గరే వదిలేద్దాం, ఊళ్ళో కొత్తవి చేయించుకోవచ్చు" అన్నాను.

"లోపల పెట్టు" అన్నాడు నాన్న.

"పోనీ ఒకటి తెద్దాం. నువ్వొక్కడివేగా కూచునేది?"

"రెండూ పెట్టమన్నాను కదరా."

వెనక సీటు మీద పెట్టాను. బ్రేకేస్తే ముందుకి జారకుండా సీట్ బెల్ట్ కూడా పెట్టాను.

ఇప్పుడు కట్టడం. నేను ఆన్‌లైన్లో తెప్పించిన రాచెట్ బెల్టులు నాలుగు, ఫోమ్ ముక్కలు తీశాను. నాన్న గోనెసంచిలోంచి నైలాన్ మోకులు, పాత లారీ ట్యూబు ముక్కలు తీశాడు. ఒకరి సామాను వంక ఒకరం చూసుకున్నాం. రెండూ కట్టాలని ఒప్పందమైంది. పడవని బోర్లించి పెట్టాం. అప్పుడే అంచులు కడ్డీల మీద చదునుగా కూచుంటాయి, గాలి వీపు మీంచి జారిపోతుంది, వానొచ్చినా నీళ్ళు నిలవవు. అడ్డంగా రెండు బెల్టులు, రెండు మోకులు. ముక్కు నుంచి ముందు టోయింగ్ హుక్‌కి ఒక మోకు, ఒక బెల్టు. వెనక కూడా అంతే.

నాన్న ముడి వేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. మోకు మధ్యలో ఒక చుట్టు చేసి, కొసని హుక్ కిందనుంచి తిప్పి, మళ్ళీ ఆ చుట్టులోంచి దూర్చి కిందికి లాగాడు. లాగిన కొద్దీ బిగిసింది. రెండు నిమిషాలకి నాకు వెలిగింది. అది ముడి కాదు, కప్పీ! నువ్వు ఒక కిలో బలంతో లాగితే అటు మోకు మీద లెక్క ప్రకారం మూడు కిలోల లాగు పడుతుంది, రాపిడికి కొంత పోయినా సరే. ఫస్టియర్ మెకానిక్స్‌లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న సంగతది.

"ఇదెక్కడ నేర్చుకున్నావ్ నాన్నా?"

"లారీవోళ్ళు ఏస్తారు. చూళ్ళేదా ఎప్పుడూ?"

చూశాను. అదేంటో పట్టించుకోలేదు.

అద్దాలు దించు

తొమ్మిదింటికి బయల్దేరాం. ఐదు కిలోమీటర్లు వెళ్ళగానే నాన్న ఆపమన్నాడు. చూస్తే మోకు రెండు వేళ్ళంత వదులైంది. సరుకు సర్దుకుంటుంది, నైలాన్ సాగుతుంది, మొదటి ఐదు కిలోమీటర్లలోనే ఇదంతా బయటపడుతుంది. మళ్ళీ బిగించాం. ఆ తర్వాత ప్రతి పాతిక కిలోమీటర్లకీ ఒకసారి ఆగాం.

నేను ఏసీ వేశాను. నాన్న ఆపేశాడు.

"అద్దాలు దించు. సల్లగా లోపల కూచుంటే పైనేటవుతుందో ఎలా తెలుస్తాది?"

రేపల్లె దాటేసరికి ఆయన మాట నిజమని అర్థమైంది. యాభైకి రాగానే టాప్ మీద నుంచి 'ఘుంయ్' మని చెవులు చిల్లులుపడే చప్పుడు. గుండె జారిపోయింది. పక్కకి ఆపి ఫోన్లో వెతుకుతున్నాను. దొరికింది: చదునైన బెల్టు గాలికి కొట్టుకుంటే అలా మోగుతుంది, దాన్ని ఒక మెలిక తిప్పి కడితే ఆగిపోతుంది. ఆ సంగతి చెబుదామని తలెత్తేసరికి నాన్న అప్పటికే బెల్టులన్నీ మెలేసి, చేతులు దులుపుకుంటున్నాడు.

యాభై దాటొద్దని ముందే అనుకున్నాం. గాలి తోపు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. యాభైలో బాగానే ఉన్న పడవ వందలో లేచిపోవచ్చు. అందుకని ఎడమ పక్క నుంచి మెల్లగా వెళ్తున్నాం. అందరూ దాటుకుంటూ పోతున్నారు. బైకుల మీద కుర్రాళ్ళు పక్కకొచ్చి వీడియోలు తీసుకుంటున్నారు. తెనాలిలో ఒక ఆటో ఆయన కిటికీ దగ్గరికి వంగి, "ఏ ఊళ్ళో వరదలన్నా?" అని అడిగాడు. నాన్న మొదటిసారి నవ్వాడు.

గుంటూరు దాటాక ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. నేను ఆర్సీ, కొలతలు, సెక్షన్ నంబరు అన్నీ ఫోన్లో సిద్ధం చేసుకున్నాను. ఆయన కారు చుట్టూ తిరిగాడు. పక్కలకి బయటికి ఏమీ రాలేదు. మోకు పట్టుకుని ఒకసారి ఊపాడు. కదల్లేదు. "ఎవరు కట్టారు?" అన్నాడు. నాన్నని చూపించాను. తర్వాత పది నిమిషాలు వాళ్ళిద్దరూ కొర్రమేను గురించి మాట్లాడుకున్నారు. నా సెక్షన్ నంబరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

సత్తెనపల్లిలో భోజనం. పిడుగురాళ్ళ దగ్గరికొచ్చేసరికి సున్నం బట్టీల తెల్లటి దుమ్ము. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా కారు ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంటోంది. ఒక వేపచెట్టు కింద ఆపి మోకులు చూశాం. ఫోన్ 43 డిగ్రీలు చూపిస్తోంది. ఇదే సమయం అనుకున్నాను.

"నాన్నా, మియాపూర్లో ఇల్లు తీసుకున్నాను కదా, మీ ఇద్దరి కోసమే తీసుకున్నా."

"ఎన్నో అంతస్తు?"

"తొమ్మిది."

"నీళ్ళగుపిస్తాయా?"

"బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుంది, దూరంగా."

"సేపలున్నాయా అందులో?"

"గుర్రపుడెక్క ఉంది."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాన్న నీళ్ళ సీసా మూత బిగిస్తూ మెల్లగా అన్నాడు. "పొద్దున్న మూడింటికి మెలకువొచ్చేస్తాది రా నాకు. లేచి అక్కడేటి సెయ్యాలి?"

రెండు నెలలుగా నేను తయారుచేసుకున్న జవాబులన్నీ ఉన్నాయి. వాకింగ్ ట్రాక్, గుడి, దగ్గర్లోనే మంచి ఆర్థో డాక్టర్. మూడింటికి లేచి ఏం చెయ్యాలన్నదానికి మాత్రం ఏదీ జవాబు కాదు. కారు స్టార్ట్ చేశాను.

ముక్కు గాలికి పెట్టు

ఎండాకాలం టీవీలో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు మీరు రెంటచింతల పేరు వినే ఉంటారు. రాష్ట్రంలో ఎక్కువ ఎండకాసే ఊళ్ళలో దాని పేరు ముందుంటుంది. మేం అక్కడికి చేరేసరికి మూడు దాటింది. స్టీరింగ్ పట్టుకుంటే కాలుతోంది. బెల్టుల ఇనప బకిల్ ముట్టుకోలేకపోయాం. గాలి పూర్తిగా ఆగిపోయింది. నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి పడమటి వైపు చూశాడు.

"బేగి పోనీ. వస్తాది."

నాకు ఆకాశంలో ఏమీ కనిపించలేదు. మాచర్ల దాటి నాలుగైదు కిలోమీటర్లు వచ్చామో లేదో, ఎదురుగా రోడ్డు మీద ఎర్రటి దుమ్ము గోడలా లేచింది. నిమిషంలో పగలు చీకటైంది. గాలి ఎడమ పక్క నుంచి కొట్టింది. పడవ మొత్తం 'కిర్ర్' మంటూ కుడి వైపు లాగింది, దాంతో పాటు కారు కూడా. నేను ఒక చెట్టు కిందికి తిప్పబోయాను.

"సెట్టు కిందికొద్దు! ఆ ఖాళీలోకి పోనీ. ముక్కు గాలికెట్టు!"

"ఏంటి?"

"నావైతే ఏటి సేస్తాం? గాలొస్తే పక్క సూపించకూడదు. ముక్కు సూపించాల. తిప్పు!"

రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోసుకునే చదును ఒకటి ఖాళీగా కనిపించింది. అందులోకి దింపి, గాలి వస్తున్న వైపుకి కారు ముఖం తిప్పి ఆపాను. అంతే, ఊగడం సగానికి సగం తగ్గింది. ఆలోచిస్తే లెక్క సరిపోతుంది. పక్కనుంచి చూస్తే పన్నెండడుగుల గోడ, ముందునుంచి చూస్తే మూడడుగుల ముక్కు. గాలికి దొరికేది అంతే. నాన్న ఏ లెక్కా చెయ్యలేదు. ఆయనకి ఆ క్షణంలో అది కారు కాదు.

వాన మొదలైంది. నాన్న దిగి ముందుకి పరిగెత్తాడు. నేనూ దిగాను. ముక్కుని కిందికి లాగి పట్టుకున్న మోకు నంబర్ ప్లేట్ అంచుకి రాసుకుని సగం తెగిపోయి ఉంది! పక్కనే నా రాచెట్ బెల్టు ఒక్కటే ముక్కుని పట్టుకుని ఉంది. నాన్న రెండు చేతులతో పడవ ముక్కు మీద వేలాడాడు. నేను తడి చేతులతో కొత్త మోకు దూర్చాను. ఆయన వేసినట్టే చుట్టు చేసి, హుక్ కిందనుంచి తిప్పి, చుట్టులోంచి లాగాను. జారిపోయింది. మళ్ళీ వేశాను. రెండోసారి బిగిసింది. నాన్న ఆ అంచు మీద లారీ ట్యూబు ముక్క పెట్టాడు, ముందే పెట్టాల్సింది.

ఇరవై నిమిషాల్లో గాలి తగ్గింది. అడ్డంగా కట్టిన నా బెల్టుల్లో ఒకటి వదులైంది, అక్కడ నాన్న మోకు పట్టుకుంది. ముక్కు దగ్గర నాన్న మోకు తెగింది, అక్కడ నా బెల్టు పట్టుకుంది. ఏ ఒక్కటే కట్టుకున్నా పడవ ఆ పొలాల్లో ఎక్కడో ఉండేది. కడ్డీల కాళ్ళు నొక్కినచోట టాప్ రెండు సొట్టలు పోయింది. ఆ నీలం గీత కూడా అప్పటిదే.

తడి బట్టలతో కారులో కూచున్నాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. వైపర్లు ఆపేశాక నాన్న అన్నాడు. "ఆ రాత్రి నువ్వు కారేసుకొచ్చావు కదా. పొద్దున్న గట్టు మీద నీ మొహం సూశాను. అందుకే ఈ నావ. నీకు బయమని."

నేను నాన్నని నీళ్ళలోంచి బయటికి తేవాలనుకుంటున్నాను. ఆయన నా భయం కోసమే నావ మార్చుకుంటున్నాడు. ఇద్దరికీ కారణం ఒకటే. ఈ సంగతి నాకు ఇంట్లో, ఫోన్లో, ఇంకెక్కడా చెప్పలేదు. నా ప్లాన్ ఇంకోలా పారిందన్నమాట.

"లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు. ఒడ్డెక్కగానే నాకు ఫోన్ చెయ్యాలి, రోజూ" అన్నాను.

"సర్లే" అన్నాడు. మా నాన్న నోట 'సర్లే' అంటే అగ్రిమెంట్ మీద సంతకం.

రెండో పలక

ఎత్తిపోతల మలుపు దాటి సాగర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎండాకాలం చివర కాబట్టి నీరు బాగా కిందికి దిగి ఉంది. నిండితే 590 అడుగులు. ఎగువ నుంచి వరద వస్తేనే మళ్ళీ ఆ గీత దాకా వస్తుంది. దూరంగా నాగార్జునకొండ నల్లగా కనిపిస్తోంది. ఇప్పుడు ద్వీపం కానీ అది నిజంగా కొండే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం నీళ్ళ కింద ఉంది. నీరు రాకముందే తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయీ విప్పి, తీసుకెళ్ళి, ఆ కొండ మీదా అనుపులోనూ మళ్ళీ పేర్చి కట్టారు. చిన్నప్పుడు స్కూలు టూర్‌లో లాంచీ మీద వెళ్ళి చూసి, ఇంతేనా అనుకున్నాను. 49 కిలోల పడవని ఒక్క రోజు మోసుకొచ్చాక ఆ రాళ్ళు మోసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది.

గట్టు మీద అమ్మ, ఇంకో పదిమంది ఎదురుచూస్తున్నారు. నలుగురు కలిసి పడవని దించారు. పిల్లలు అప్పుడే ఎక్కేశారు. అమ్మ పిల్లల్ని దించి, పడవ చుట్టూ తిరిగి, వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నది. పొద్దున్న నాన్న చేసినట్టే.

"బానే ఉంది. ఒక్కడివే ఎల్తావేటి ఇందులో?" అంది.

నాన్న జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "ఆ పలకలు తే" అన్నాడు.

సీట్ బెల్టులు తీసి రెండూ తెచ్చాను. ఒకటి వెనక బిగించాడు, తెడ్డేసేవాడు కూచునే చోట. రెండోది ముందు బిగించాడు. చేత్తో దుమ్ము తుడిచాడు. "నువ్వు తెడ్డు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. కూచోవద్దన్లేదు కదా" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని వెళ్ళి ఆ పలక మీద కూచుంది. నాన్న తోశాడు, ఎక్కాడు, తెడ్డేశాడు. పడవ తిరగలేదు. తిన్నగా వెళ్ళింది. వాళ్ళు వంద గజాలు వెళ్ళేదాకా చూసి, ఫోన్ తీసి ఇంకో లైఫ్ జాకెట్ ఆర్డర్ పెట్టాను. ఒకటే కొన్నాను మరి.

మియాపూర్ ఫ్లాట్ ఇంకా ఉంది. అమ్మ భుజానికి చూపించుకోవడానికి నెలకోసారి ఇద్దరూ వస్తారు, రెండు రోజులుండి వెళ్ళిపోతారు. నాన్న మూడింటికి లేచి బాల్కనీలో కూచుంటాడు. కారు సొట్టలు తీయించడానికి మెకానిక్ నాలుగు వేలవుతుందన్నాడు. వచ్చే నెల చూద్దాం అన్నాను. మూడు నెలలుగా అదే చెప్తున్నాను.

నాకు రోజూ సాయంత్రం ఏడు ప్రాంతంలో ఫోన్ వస్తుంది. మీటింగ్‌లో ఉన్నా ఎత్తుతాను. ఇరవై సెకన్లకి మించి ఉండదు. నిన్న కూడా అంతే.

"ఒడ్డెక్కాం. జిలేబీలే పడ్డాయి, బొచ్చె ఒక్కటి లేదు. ఉంటాను."

ఎక్కాను అనడు. ఎక్కాం అంటాడు.